నానబెట్టని శనగలు

డెబ్బైల్లో ఓసారి రాజమండ్రి నుంచి వచ్చి రైలు దిగి, పాతబస్తీలోని మా పిన్ని ఇంటికి వెళ్తూ ఒక ముసలి సాయిబు రిక్షా ఎక్కాను. గల్లీలో గుర్రపు లద్ది కనబడగానే ఆయన రిక్షా ఆపి దిగాడు. చక్రం జారకుండా నాకోసం దారి శుభ్రం చేస్తున్నాడనుకుని, "మీకు పుణ్యముంటుంది సాయిబు గారూ" అన్నాను.

"నీకోసం కాదమ్మా" అని పుల్లతో లద్దిని విడదీశాడు. లోపల శనగలు గింజకు గింజ అట్లాగే ఉన్నాయి.

"ఈ గల్లీల తిరిగే టాంగా ఒక్కటే. గుర్రం నాదే, పోయినేడు అమ్మిన. దానికి పండ్లరిగినయి, నమలలేదు. శనగలు నానబెట్టి పెట్టాలె. కొన్నోడు గట్లనే వేస్తుండు."

"వెళ్ళి అతనికి చెప్పకూడదా?"

"నన్ను చూస్తే అది వాని మాట వినదమ్మా, నా ఎనకనే వస్తది. గందుకే అడ్డా దిక్కు పోను." లద్దిని గోడవారకు నెట్టి, కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాడు. "నువ్వు చెప్పు. నా పేరు తియ్యకు."

మర్నాడు టాంగాల అడ్డాకు వెళ్ళి, ఆ గల్లీకి వచ్చే టాంగా ఏదో కనుక్కుని, మా ఇంట్లోనూ గుర్రం ఉండేదని అబద్ధమాడి, చెప్పాల్సింది చెప్పాను. దేవుడు మన్నించాలి. గుర్రానికి పక్కటెముకలు తేలి ఉన్నాయి.

"గంతేనా, నానబెడత తియ్యమ్మా" అని నవ్వాడు టాంగా అతను.

ఆ మాట ముసలాయనకు చేరవేద్దామని ఊరికి బయలుదేరేదాకా రోజూ గల్లీలో చూశాను. కనబడలేదు. ముక్కూమొహం తెలియని నన్ను నమ్మి ఆ పని అప్పగించినందుకు ఆయనకు మనసులో ఎన్నిసార్లు దణ్ణం పెట్టుకున్నానో. టాంగా అతను మాట నిలబెట్టుకున్నాడో లేదో ఆయన దారిలో లద్ది చూసి తెలుసుకునే ఉంటాడు. నాకు మాత్రం ఇప్పటికీ తెలియదు.