పడకగదిలో ఎర్ర చుక్క

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, మదనపల్లెలో భూగర్భ డ్రైనేజీ చూసే ఒక ఆఫీసులో నాకు ఉద్యోగం. పుంగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని. పాత కాగితాల్లో గీసి ఉన్న పైపులనూ మ్యాన్‌హోళ్లనూ కంప్యూటరు మ్యాపులోకి ఎక్కించడం నా పని. వీధులూ ఇళ్లూ అందులో ముందే ఉన్నాయి. వాటి మీద మా పైపులు కూడా గీస్తే ఆఫీసులో ఎవరికి ఏది కావాలన్నా ఒకేచోట దొరుకుతుందని ఆశ.

మా ఇంజనీరుగారిది కుప్పం. కుటుంబాన్ని అక్కడే ఉంచి, ఇక్కడ ఒక అద్దె ఇంట్లో ఒంటరిగా ఉండేవారు. మ్యాపు సగం అయ్యాక చూపించమన్నారు. చూపిస్తే, ముందు తన ఇల్లు ఎక్కడుందో వెతుక్కున్నారు. దొరికింది. ఇంటి నడిమధ్యన ఒక ఎర్ర చుక్క.

"ఇదేందమ్మా?"

"మ్యాన్‌హోల్ సార్."

"నా ఇంట్లోనా? యాడన్నా పడకగదిలో మ్యాన్‌హోల్ ఉంటాదా? నువ్వు తప్పు గీసిండావు. మళ్లా సూడు."

మూడుసార్లు చూశాను. చుక్క కదల్లేదు. నాకు భయం పట్టుకుంది. ఇదొక్కటి తప్పయితే ఊరంతా తప్పు గీశానేమో! చివరికి మా ఆఫీసు మేస్త్రీని తోడు తీసుకుని, కొలతల టేపుతో ఇంజనీరుగారి వెంటే ఆయన ఇంటికి వెళ్లాను. సందు మొదట్లో ఉన్న మ్యాన్‌హోల్‌కి ముప్పై మీటర్ల దూరంలో ఇంకొకటుందని కాగితం చెబుతోంది. టేపు గేటు దాటింది, వసారా దాటింది, హాల్లోంచి తిన్నగా పోయి ఆయన మంచం కింద ఆగింది.

మేస్త్రీ మంచం జరిపి, చాప తీసి, గడ్డపారతో నేల మీద తట్టాడు. డొల్లగా మోగింది.

"ఉండాది సార్!" అన్నాడు సంతోషంగా.

చప్పుడు విని పక్క వాటాలోంచి ఇంటి ఓనరమ్మ వచ్చింది. "అదా? ఇల్లు పెంచినప్పుడు లోపలికొచ్చిండాదిలేప్పా. మంచం కిందే కదా, నీకేం అడ్డమొస్తాండాది?"

"వాసనొస్తాంటే ఎలక సచ్చిందని అటకంతా ఎతికినా కదమ్మా!"

"నేను నీ సాక్సులనుకుంటినప్పా."

మేస్త్రీ బయటికి వెళ్లి నవ్వుకుని వచ్చాడు. నాకు వెళ్లే వీలు లేదు. తల వంచుకుని టేపు చుట్టాను, చుట్టిందే మళ్లీ చుట్టాను.

ఆ నెలాఖరుకు ఇంజనీరుగారు ఇల్లు మారారు. అడ్వాన్సు ఇచ్చేముందు కొత్త ఇంటి చిరునామా నా బల్ల మీద పెట్టి, "ఇది యాడుండాదో కంప్యూటర్లో సూసి సెప్పమ్మా," అన్నారు గొంతు తగ్గించి.

మ్యాన్‌హోల్ మాత్రం అక్కడే ఉండిపోయింది. శుభ్రం చేసే మా వాళ్లు పైపు పట్టుకుని వెళితే, ఓనరమ్మ పూజ ముగిసేదాకా వసారాలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చేది. మ్యాపులో ప్రతి మ్యాన్‌హోల్‌కీ, దాని దగ్గరికి ఎలా చేరాలో రాసే గడి ఒకటుండేది. మిగతావాటికి "రోడ్డు పక్కన", "బడి ముందు" అని రాశాను. దీనికి "పూజ అయ్యాక రావాలి, చెప్పులు బయట విడవాలి" అని కొట్టాను. గడి చిన్నది. "చెప్పులు బయ" దాకానే పట్టింది.