బుగ్గ మీద గుంట

నా చిన్నప్పుడు మా కోసిగి వైపు వానలు మొహం చాటేసిన ఏడాది సగం ఇళ్లకు తాళాలు పడేవి. పని దొరికే దూరపు ఊళ్లకు కూలికి వెళ్లేవారు. దాన్ని సుగ్గికి పోవడం అంటాం. నాకు తొమ్మిదేళ్లప్పుడు నన్ను మా అవ్వ దగ్గర వదిలి అమ్మా నాన్నా సుగ్గికి పోయారు.

అమ్మ లారీ ఎక్కిన వారానికి నా ఎడమ బుగ్గ మీద చిన్న కురుపు లేచింది. గిల్లాను. పక్కు కట్టింది. పీకాను. మళ్లీ కట్టింది, మళ్లీ పీకాను. అవ్వ పసుపు పూసింది, గోళ్లు కత్తిరించింది, చేతి మీద నాలుగు వేసింది కూడా. నేను పెంకిదాన్ని, ఏదీ పనిచేయలేదు. నెలల తరబడి ఆ పుండు మానలేదు. బళ్లో నా పక్కన కూర్చునే పిల్ల దూరం జరిగింది.

ఎండాకాలం చివర్లో అవ్వ విత్తనానికి దాచిన వేరుశనగ కాయలు ముందేసుకుంది. మా వైపు వాటిని బుడ్డలంటాం. నన్నూ ఒలవమంది. కాసేపటికి చూస్తే నా ముందు గింజలన్నీ తెల్లగా ఉన్నాయి. ఊరుకోని నా వేళ్లు వాటి ఎర్రటి పొర కూడా గిల్లేశాయి. అది ఆ ఏటి విత్తనం. అవ్వ కొడుతుందని చేతులు వెనక్కి దాచుకున్నాను.

అవ్వ కొట్టలేదు. పగిలిన కుండలో మట్టి పోసి, ఒక పక్క తెల్లవి నాలుగు, ఇంకో పక్క ఎర్రవి నాలుగు నాటి, రోజూ నీళ్లు పోయమంది. వారం దాటాక ఎర్రవి మొలిచాయి. తెల్లవి తవ్వి చూస్తే కుళ్లి వేళ్లకు అంటుకున్నాయి.

"తోలు పోతే లోపలిది యాడ బతుకుతాది మే?" అంది అవ్వ. నా బుగ్గ వైపు చూసి, "మొగం ఏంటికి అట్ల గిల్లుకుంటాండావు?" అని మెల్లగా అడిగింది.

అంతవరకు ఎవరికీ చెప్పని మాట అప్పుడు చెప్పాను. అమ్మ వచ్చేసరికి పుండు మానిపోతే చూపించడానికి ఏమీ ఉండదు. పుండు చూస్తే నన్ను వదిలి ఇంకెప్పుడూ పోదు.

అవ్వ నా వేళ్లకున్న మట్టి కొంగుతో తుడిచింది.

"చూసి ఏడుస్తాది. ఏడ్సుకుంటానే మల్లా పోతాది. పోకుంటే తినేకి ఏముండాది?" అంది. "ఆడ మీయమ్మ తలుచుకునేది ఈ మొగమే కదా. దాన్నన్నా ఉండనీ."

నా మీద ఎవరికీ జాలి లేదనిపించి ఆ పూట అన్నం తినలేదు. కానీ ఆ రోజు నుంచి చేయి బుగ్గ మీదికి పోబోతే ఒక బుడ్డకాయ పిడికిట్లో బిగించి పట్టుకునేదాన్ని. ఎన్నిసార్లు ఓడిపోయానో లెక్కలేదు. తొలకరికి అమ్మా నాన్నా వచ్చేనాటికి పుండు ఎండి, ఒక గుంట మిగిలింది.

ఏమైందని అమ్మ అడిగింది. పడిందిలే అని అవ్వ నా తరఫున అబద్ధమాడింది. అమ్మ ఏడవలేదు. బొటనవేలు ఆ గుంటలో పెట్టి అలాగే కూర్చుంది. పంట కాస్తా పోయాక మళ్లీ సుగ్గికి బయలుదేరింది. లారీ ఎక్కే ముందు మళ్లీ అక్కడే వేలు పెట్టింది.

ఇప్పుడు అమ్మా లేదు, అవ్వా లేదు. నా జుట్టు నెరిసింది. దిగులేసినప్పుడు నా చేయి ఇంకా బుగ్గ మీదికే పోతుంది. అమ్మ వేలు పెట్టిన చోట గోరు పెట్టడానికి మనసొప్పక, తడిమి తీసేస్తాను.