అరవై రెండో బొంగు

నా లాగ్‌బుక్కులో ఇంతవరకు ఒక్క అబద్ధం రాయలేదు. పద్దెనిమిదేళ్ళుగా వాయుసేనలో హెలికాప్టర్లు నడుపుతున్నాను. ఎగిరిన ప్రతి నిమిషం ఆ పుస్తకంలో ఉంది. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం అందులో లేదు... ఎందుకంటే అది ఆకాశంలో జరగలేదు. చేపల చెరువులో జరిగింది. నవ్వుకోండి. మొదట నేనూ నవ్వాను.

దయ్యం కథలు చెప్పేవాళ్ళంటే నాకు పరమ చీదర. మెస్సులో రెండు పెగ్గులు పడగానే మొదలుపెడతారు. రన్‌వే చివర తెల్లచీర... హ్యాంగర్‌లో గజ్జెల చప్పుడు... ఆ తెల్లచీర ఆవిడకు రాత్రి రెండింటికి రన్‌వే మీద ఏం పనో ఒక్కడూ చెప్పడు. ఇవాళ నేనూ ఆ బాపతులో చేరాను. దానికీ చీదరగానే ఉంది. కానీ జరిగింది జరిగినట్టు చెబుతాను.

అప్పట్లో గల్ఫ్‌లో ఒక దేశంలో డెప్యుటేషన్ మీద ఉన్నాను. వాళ్ళ పైలట్లకు రాత్రిపూట ఎగరడం నేర్పే పని. నేను చెప్పే పాఠం ఒక్కటే. చీకట్లో మీ ఒళ్ళు అబద్ధం చెబుతుంది. చెవి అబద్ధం చెబుతుంది. పక్కకు ఒరిగిపోతున్నా తిన్నగా వెళ్తున్నట్టే ఉంటుంది. మీటరు ఏం చెబితే అదే నిజం. ఈ మాట తలకెక్కనివాణ్ణి మొహమాటం లేకుండా ఇంటికి పంపేవాణ్ణి.

అక్కడ సెలవు శుక్ర, శనివారాలు. డిసెంబరులో ఒకసారి గురువారం కూడా కలిసొచ్చింది. విమానమెక్కి విజయవాడలో దిగి, ఏలూరు మీదుగా కొల్లేటికోట వైపు వెళ్ళాను. రాంబాబు కోసం. తాడేపల్లిగూడెంలో వాడూ నేనూ ఒకే బెంచీ. వాడు అక్కడ నలభై ఎకరాల చేపల చెరువు కౌలుకు చేస్తున్నాడు. ఫోనులో రోజూ దాని ఫొటోలే. చెరువు పొద్దున, చెరువు సాయంత్రం, చెరువు మీద కొంగ. పెళ్ళాం ఫొటో మాత్రం ఒక్కసారీ పంపలేదు.

వెళ్ళేసరికి వాడు మకాంలో మంచం మీద ఉన్నాడు. చెరువు గట్టున కాపలా కోసం వేసుకునే రేకుల షెడ్డును అక్కడ మకాం అంటారు. పొద్దున జెల్ల ముల్లు కాల్లో దిగిందట. పాదం గుమ్మడికాయలా ఉబ్బింది. పైన జ్వరం.

"రారా పైలట్టూ! ఎల్లుండే పట్టుబడి, వలేసి చేపంతా తీసేస్తాం. కిందటేడు తెగులొచ్చి పంటంతా ఊడ్చుకుపోయింది. ఇది గట్టెక్కితే ఇంకో ఏడు నిలబడతాను. లేపోతే ఆకివీడు పోయి ఎవడి ఐసు ఫ్యాక్టరీలోనో చేరడమే" అన్నాడు.

"చేప ముల్లుకే పడిపోయినవాడివి, ఏడాది నిలబడతావా?" అన్నాను. నా పలకరింపులు అలాగే ఉంటాయి.

కాపలా మనిషి వీరాస్వామి టీ తెచ్చాడు. అరవై దాటిన మనిషి. బక్కగా, నల్లగా, మెడకు మఫ్లరు. మకాం పక్కన వెదురు బొంగుల కుప్ప ఉంటే దాని మీద కూర్చుని తాగాను. బురద కంపు. నా ప్యాంటుకు పట్టిన పాకుడు చూసి చిరాకు పడ్డాను కానీ, ఆ బొంగులు అక్కడ ఎందుకున్నాయని అడగలేదు. అడగడం నాకు అలవాటు లేదు. నేను చెప్పేవాణ్ణి.

రెండు రోజులుగా మబ్బు. రాత్రికి మంచు దిగింది. మూడు గంటలప్పుడు వీరాస్వామి నన్ను లేపాడు.

"బాబుగారండీ... కరెంటు పోయిందండి. నీళ్ళు చిలికే మిషన్లు ఆగిపోయినియ్యి. చేప తేలుతోందండి."

బయటికి వచ్చి విన్నాను. పుచ్... పుచ్... పుచ్... గాలి చాలక చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్న చప్పుడు. తెల్లారేలోపు ఏదో ఒకటి చెయ్యకపోతే రాంబాబు పంట మొత్తం వెల్లకిలా తేలుతుంది. వాడు జ్వరంలో మూలుగుతున్నాడు. వాడి గొంతు గడప దాటదు.

వీరాస్వామి దగ్గర ఉపాయం ఉంది. ఆక్సిజన్ బిళ్ళల సంచి పడవలో వేసుకుని వెళ్ళి నడిచెరువులో చల్లి వస్తాడు. తర్వాత వచ్చి, ఆగిన మిషన్లు ఆడటానికి డీజిల్ ఇంజను తిప్పుతాడు. అది ముసలి ఇంజను, ఆయన చేతికి తప్ప లొంగదు.

"నేనెల్లొస్తానండి. తమరు గట్టు మీద నించుని నన్ను పిలుస్తా ఉండాలండి."

"పిలవడమేంటి?"

"మంచులో గట్టు కానరాదండి. గట్టు మీద మనిషి 'ఓ...య్' అంటా ఉంటే ఆ పిలుపు పట్టుకుని వచ్చేస్తామండి. ఆపకూడదండి. మా తాతల కాడ్నించీ ఇంతేనండి."

నాకు నవ్వొచ్చింది. ఎడారిలో ఇసుక తుఫాను మధ్య హెలికాప్టరు దింపినవాణ్ణి, ఇక్కడ గట్టు మీద నిలబడి ఓయ్ ఓయ్ అని అరవాలట.

"నువ్వు ఇంజను సంగతి చూడు. పడవలో నేను వెళ్తాను. రెండు పనులూ ఒకేసారి అయిపోతాయి" అన్నాను.

"అట్టాగైతే పిలిచేదెవరండీ?"

మణికట్టు పైకెత్తి గడియారం చూపించాను. దిక్సూచి ఉంది. ఉపగ్రహం లెక్క ఉంది. వెళ్ళిన దారంతా గీత గీసి పెట్టుకుంటుంది. "ఇది పిలుస్తుంది. మీ తాతల కాలంలో లేదులే" అన్నాను.

ఆయన గడియారాన్ని చూడలేదు. నా ముఖం చూశాడు. "ఆయ్... తమ ఇష్టమండి" అన్నాడు.

పడవ తోశాను. మకాం దక్షిణపు గట్టున ఉంది. ఉత్తరంగా వెళ్ళాలి. నడిమికి పది నిమిషాలు. చల్లాలి, వెనక్కి తిరగాలి. పసిపిల్లలు చేసే పని.

మంచు ఎంత దట్టంగా ఉందంటే తెడ్డు చివర కనిపించలేదు. తలకు కట్టుకున్న లైటు వేస్తే కళ్ళ ముందు తెల్లగోడ లేచింది. ఆర్పేశాను. వెనక నుంచి వీరాస్వామి పిలుపు... ఓ...ఓ...య్. ఇంజను చూడమంటే ఈయన పాట మొదలుపెట్టాడేమిటని ఒళ్ళు మండింది.

అప్పుడు తగిలింది మొదటి బొంగు. పడవ ముక్కుకు టక్ మని.

మేత బొంగు. అవి నాకు తెలుసు. రాంబాబు ఫొటోల్లో వందసార్లు చూశాను. సంచుల్లో తవుడు నింపి, చిల్లులు పెట్టి, నీళ్ళలో పాతిన బొంగులకు వేలాడదీస్తారు. చేపలు చుట్టూ మూగి తింటాయి. వరసగా పాతుతారు. ఇంకేం కావాలి, ఆ వరస పట్టుకుని పోతే నడిచెరువే.

రెండు. మూడు. నాలుగు. చేత్తో తాకి లెక్కపెట్టుకుంటూ పోయాను. వరస సరిగ్గా ఉత్తరానికే ఉంది. గడియారమూ అదే చెప్పింది. వీరాస్వామి పిలుపు చిన్నదైంది.

పదిహేను. పదహారు.

ఇరవై ఎనిమిది...

నలభై దగ్గర తెడ్డు ఆపాను. బొంగుకు బొంగుకు పది పన్నెండు గజాలు పైనే ఉంది. ఈపాటికి అవతలి గట్టుకు గుద్దుకోవాలి. గట్టు లేదు. గడియారం చూశాను. ఉత్తరం. అంతా సవ్యంగా ఉంది. కౌలు చెరువు కొలతలు కూడా తెలియని వెధవ అని రాంబాబును తిట్టుకున్నాను. ముందుకే వెళ్ళాను.

యాభై. యాభై ఒకటి. పిలుపు వినబడటం లేదు. ఎప్పుడు ఆగిందో గమనించలేదు. చేపల చప్పుడూ లేదు. కొల్లేట్లో ఏ వేళకైనా ఏదో ఒక పిట్ట కూస్తుంది... ఒక్కటీ కూయలేదు. తెడ్డు నుంచి కారే నీటి చుక్క మాత్రం... టప్. ... టప్.

అరవై. అరవై ఒకటి.

అరవై రెండో బొంగు పట్టుకున్నాను. వరస అక్కడితో ఆగింది. దాన్ని కట్టిన సంచి మీద చెయ్యి పడింది.

పొడిగా ఉంది.

నీళ్ళలో సగం మునిగి వేలాడుతున్న సంచి... పొడిగా ఉంది. వెచ్చగా ఉంది. మా నాన్న గూడెంలో రైసుమిల్లు గుమాస్తా. మిషనులోంచి అప్పుడే పడిన తవుడు ఎలా ఉంటుందో నా అరచేతికి చిన్నప్పటి నుంచీ తెలుసు. అదే వెచ్చదనం. అదే తియ్యటి వాసన. చెయ్యి తియ్యాలనిపించింది. తియ్యలేకపోయాను.

అప్పుడు... పుచ్.

సంచి పక్కనే ఒక నోరు తెరుచుకుంది. తర్వాత ఇంకోటి. లైటు వేశాను. ఈసారి తెల్లగోడ లేవలేదు. నీళ్ళు కనిపించాయి. నీళ్ళ నిండా నోళ్ళు. గుండ్రంగా, తెల్లగా, పడవ చుట్టూ, వెలుగు ఆనినంత మేర. తెరుచుకుంటున్నాయి. మూసుకుంటున్నాయి. అన్నీ ఒకేసారి తెరుచుకుంటున్నాయి. అన్నీ ఒకేసారి మూసుకుంటున్నాయి.

భయం వేసింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ చెబుతున్నాను. అయినా వచ్చిన పని గుర్తుంది. సంచి విప్పి బిళ్ళలు గుప్పెళ్ళతో చల్లాను. చివరి గుప్పెడు వరకూ చల్లాను. నోళ్ళు ఒక్కొక్కటే కిందికి దిగిపోయాయి. నీళ్ళు చదునయ్యాయి.

గడియారం చూశాను. దక్షిణానికి తిరిగాను. ఒక్క బొంగూ తగల్లేదు. ఎంతసేపు తెడ్డు వేశానో తెలియదు. నా లెక్కన పావుగంట. అప్పుడు ఎడమ నుంచి వినబడింది. సన్నగా, గీరుకుపోయిన గొంతు. ఓ...య్. గడియారం తిన్నగా పొమ్మంటోంది. చెవి ఎడమకు రమ్మంటోంది. జీవితంలో మొదటిసారి గడియారాన్ని చొక్కా చేతి కిందికి తోసేసి చెవి చెప్పిన వైపు తిరిగాను.

గట్టు వచ్చేసరికి తెల్లవారింది. వీరాస్వామి మొలలోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. నోరు తెరుస్తున్నాడు, గాలి తప్ప మాట రావడం లేదు. మూడుగంటల నుంచీ ఆపకుండా పిలుస్తూనే ఉన్నాడు. ఇంజను తిప్పడానికి వెళ్ళలేదు. ఆయన వెనక గట్టు పొడుగునా చేపలు తెల్లగా తేలి ఉన్నాయి. రాంబాబు పంటలో సగానికి పైగా.

"ఇంజను ఎందుకు తిప్పలేదు?" అన్నాను. మొదట నా నోట వచ్చిన మాట అది. థూ... నా బతుకు.

"పిలుపు ఆపితే మనిషి రాడండి" అన్నాడు గొణుగుతున్నట్టు. అప్పుడు ఇంజను దగ్గరికి పరిగెత్తాడు.

మంచు విడిపోయాక చెరువు చూశాను. నలభై ఎకరాలు, అద్దంలా ఉంది. ఒక్క బొంగు లేదు.

"బొంగులేవిరా?" అని రాంబాబును అడిగాను.

"పట్టుబడికి వల తగులుకోకుండా మొన్ననే పీకేశాంగా. నిన్న వాటి మీదేగా కూర్చుని టీ తాగావు" అన్నాడు. వాడికి ఏడుపొస్తోంది. కానీ నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

దీనికి పేరుంది, నేనే పాఠం చెబుతాను. చీకటి, మంచు, ఒంటరి మనిషి... బుర్ర లేనివి పుట్టిస్తుంది. చెరువులో గుండ్రంగా తిరిగి ఉంటాను. అంతే. అనుకుని గడియారం గీసిన గీత ఫోనులో తెరిచాను.

గుండ్రంగా లేదు. తిన్నగా ఉంది. చెరువు ఉత్తరపు గట్టు దాటింది. అవతలి రోడ్డు దాటింది. ఇంకో రెండు చెరువులు దాటి, కొల్లేరు సరస్సు నడుమ ఉట్టి నీళ్ళ దాకా వెళ్ళింది. అక్కడ ఆగి, వెనక్కి వచ్చింది. పడవలో... గట్ల మీదుగా... రోడ్డు మీదుగా.

వీరాస్వామి నా భుజం మీదుగా తొంగి చూశాడు. గీత ఆగిన చోట వేలు పెట్టాడు.

"ఇక్కడ మా చెరువుండేదండి. కొల్లేట్లో చెరువులుండకూడదని గవర్నమెంటోళ్ళు గట్లు కొట్టేసినప్పుడు పోయిందండి. ఆ పొద్దుటే మేత కట్టొచ్చామండి... గూడెం నించి కొత్త తవుడు." వేలు తియ్యకుండానే నా వైపు చూశాడు. "సంచులున్నాయాండీ?"

"ఉన్నాయండి." మొదటిసారి ఆయన్ను అండీ అన్నాను.

"చేప తేలిందాండీ అక్కడ?"

"తేలింది. బిళ్ళలన్నీ అక్కడే వేసేశాను."

ఆయన ముఖం తిప్పుకున్నాడు. మఫ్లరుతో కళ్ళు తుడుచుకున్నాడు. "పోన్లెండి" అన్నాడు. "బతికుంటాయి లెండి."

ఆదివారం రాత్రి మళ్ళీ గల్ఫ్‌లో క్లాసు. మీటరు ఏం చెబితే అదే నిజం అని బోర్డు మీద రాశాను. ఎదురుగా కూర్చున్నవాళ్ళు రాసుకున్నారు. గడియారంలో ఆ గీత ఇంకా ఉంది, చెరిపేయలేదు. గడియారాన్ని నమ్మితే పడవ రోడ్డు దాటిందని ఒప్పుకోవాలి. నమ్మకపోతే నేను చెప్పే పాఠం చెత్త. రాంబాబు చెరువు వదిలేశాడు, ఆకివీడులో పని చేస్తున్నాడు. వీరాస్వామి గొంతు ఇప్పటికీ సరిగ్గా రాలేదు. రాంబాబు చేపల కోసం తీసుకెళ్ళిన బిళ్ళలు... ఎవరి చేపలకు వేసొచ్చానో నాకు ఈ రోజుకీ తెలియదు.