మూడు మాటలకు ఇరవై మలుపులు

నిఘంటువు తయారుచేసే ఆ కార్యాలయంలో ఆమెను అందరూ కార్డులక్కయ్య అంటారు. పెన్సిలు మొనను అరచేతికి గుచ్చి చూసుకోనిదే మాటల అర్థాలు రాసే కార్డు ముట్టదు. తాను స్వయంగా ఎరగని మాటకు అర్థం రాయదు. బస్సు పడదు గనుక పదకొండేళ్లుగా ఇంటినుంచి మూడు కిలోమీటర్లూ నడిచే వస్తోంది. పాత ప్రతిలో వికారం, ఓకరింపు, వాంతి మూడింటికీ ఒకటే అర్థం ఉంది. రాసినవాడు ప్రధాన సంపాదకుడే. "కడుపులో తిప్పడమేగా అమ్మా! సాయంత్రం అచ్చుకు పోవాలి, వదిలెయ్" అన్నాడాయన. "మూడూ వేరండీ. మధ్యాహ్నానికల్లా తేలుస్తాను" అని ఆమె కొండదారి బస్సెక్కి, అన్నిటికన్నా ఎక్కువ కుదిపే వెనకచక్రం మీది సీటు ఏరుకుని కూర్చుంది.

పదో మలుపులో నోట నీళ్లూరి, కడుపులో తిప్పింది, రాసుకుంది. "కాగితం చూడకండమ్మా, దూరంగా చూస్తే తగ్గుతుంది" అన్నాడు కండక్టరు. "తగ్గితే ఎలా నాయనా, ఇంకా రెండు మాటలున్నాయి!" పదిహేడో మలుపులో గొంతు ఎగదన్నింది గాని ఏమీ రాలేదు, అదీ రాసుకుంది. ఇరవయ్యో మలుపులో సంచీ అందుకోక తప్పలేదు.

మధ్యాహ్నం, పాలిపోయిన ముఖంతో, నిటారుగా గదిలోకి వచ్చి మూడు కార్డులూ బల్లమీద పరిచింది. ప్రధాన సంపాదకుడు రెండుసార్లు చదివి, తన పాత అర్థాన్ని ఎర్రసిరాతో తానే కొట్టేశాడు.

"ఇంతకీ తిరిగి ఎలా వచ్చావమ్మా?"

"బస్సులోనేనండీ. ఒకసారి సరిచూసుకోవద్దూ!"