బొటనవేలి మరక

ఈరోజు పొద్దున ఒక తప్పు చేశాను. విమలా టీచరుగారి పుస్తకాల బీరువాకు వెనక పలక నిలువునా పగిలింది. లక్క, రంపపు పొడి కలిపి పూడ్చి, పాలిష్ కొట్టి, ఆటోలో ఎక్కించాను. "పలక గట్టిదేనా?" అని ఆవిడ అడిగితే "ఫికర్ లేదు టీచర్" అన్నాను. ఆటో పోయాక చేతులు తుడుచుకోబోతే గుడ్డకు కుట్టుమిషన్ నూనె వాసన. ఏడాదిన్నర పాటు నా వేళ్ళకు అంటుకుని ఉన్న వాసన అది. దాంతోపాటే యేసుపాదం గారు గుర్తొచ్చారు. ఇక పని సాగలేదు.

రెండువేల నాలుగులో నేను దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఒక వడ్రంగి షెడ్డులో పనిచేసేవాణ్ణి. గాజు పెట్టెలు చేయమని షార్జాలో ఒక పెద్దింటికి పంపారు. ఆ ఇంటి యజమానిని అందరం అర్బాబ్ అనేవాళ్ళం. ఆయనకు పాత అమెరికా రివాల్వర్లంటే పిచ్చి. అమెరికాలో జనం బళ్ళు కట్టుకుని పడమటికి వలసపోయిన రోజుల్లో కోటు జేబులో వేసుకున్న చిన్నరకం అవి, అరచేతిలో ఇమిడిపోయేవి. అలాంటివి అరవై దాకా కొని ఒక గదినిండా పెట్టుకున్నాడు. వాటిని కనిపెట్టుకుని ఉండే మనిషి నర్సాపురం యేసుపాదం గారు. పదకొండేళ్ళుగా ఆ గది తాళాలు ఆయన నడుముకే ఉండేవి. పెట్టెల పని అయిపోయాక నన్ను కూడా అక్కడే ఉంచమని అర్బాబ్‌కు చెప్పింది ఆయనే. మరుసటేడు నా వీసా ఆ ఇంటి పేరుమీదికి మారింది.

మొదటివారమే నేను ఒకదాని ఇత్తడి భాగానికి నిమ్మచెక్క పట్టుకుని కూర్చున్నాను.

"ఏం చేస్తున్నావయ్యా రాజేశం?"

"తోముదామని సార్. మొత్తం నల్లబడ్డది. జర రుద్దితే బంగారం లెక్క మెరుస్తది."

"మెరిస్తే నిన్న దుబాయ్‌లో నైఫ్ బజార్లో కొన్నట్టుంటుంది. ఆ నలుపు రావడానికి నూటయాభై ఏళ్ళు పట్టింది. నువ్వు పది నిమిషాల్లో వదిలించేస్తావా?"

నిమ్మచెక్క లాక్కుని తన టీలో పిండుకున్నారు.

ప్రతి రివాల్వర్‌కూ ఒక కార్డు ఉండేది. ఎక్కడ తయారైందో, ఎవరెవరి చేతులు మారిందో, ఏ దెబ్బ ఎలా తగిలిందో ఆయన గుండ్రటి ఇంగ్లీషులో రాసేవారు. ఒకదాని పిడి అడుగున సొట్టలు చూపించి, "ఎవడో దీంతో మేకులు కొట్టాడు. మీ వడ్రంగోడే అయ్యుంటాడు" అని నవ్వి, అది కూడా రాశారు. "అన్నీ రాయాలయ్యా. మనం పోయాక దీని సంగతి చెప్పడానికి ఈ కార్డే మిగులుతుంది." తెల్ల నూలు తొడుగులు లేకుండా దేన్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు. చెమటలోని ఉప్పు ఇనుముకు విషం అనేవారు. వారానికోసారి అన్నిటికీ కుట్టుమిషన్ నూనె పట్టించడం నా పని, అది తొడుగుల్లోంచి వేళ్ళకు దిగేది.

వీసా మారిన కొత్తలోనే, ఆ ఆగస్టులో కెమెరా ఫోను కొన్నాను. ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు, అన్నిటికంటే చక్కని రివాల్వర్ తీసి అద్దం ముందు నిలబడ్డాను. తొడుగులతో చూసుకుంటే ఆస్పత్రి కాంపౌండరులా ఉన్నాను. తీసేశాను. ఫొటో దిగానో లేదో మెట్లమీద చెప్పుల చప్పుడు. తుడవకుండానే పెట్టెలో పెట్టేశాను.

పదిరోజుల తరువాత అర్బాబ్ ఒక అతిథికి చూపించడానికి ఆ పెట్టె తెరిచాడు. గొట్టం మధ్యలో నారింజరంగు తుప్పు, అచ్చం బొటనవేలు ఆకారంలో.

"ఎవరి చెయ్యి ఇది?"

యేసుపాదం గారు భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. నేను చేతులు వెనక్కి కట్టుకుని గోడవైపు చూస్తున్నాను.

"గది నాది సర్. తప్పు నాదే."

"ఖలాస్," అని అర్బాబ్ అరచెయ్యి చాపాడు. యేసుపాదం గారు నడుము నుంచి తాళాలు విప్పి ఇచ్చారు. వెళ్ళేముందు కార్డు తీసి ఒక్క వాక్యం రాశారు: బొటనవేలి తుప్పు మరక, సంరక్షకుడు యేసుపాదం అజాగ్రత్త. ఆయన్ను గోడౌన్ కాపలాకు పంపారు. మర్నాడు ఆ తాళాలు నా చేతికొచ్చాయి.

ఆ తాళాలు నడుముకు కట్టుకున్నాక నేను ఒకచోట కుదురుగా కూర్చోలేదు. మరక కాస్త తగ్గుతుందేమో అన్నట్టు రోజుకు నాలుగుసార్లు ఆ పెట్టె తెరిచేవాణ్ణి. అది లోపలికి దిగిపోయింది. రుద్దితే దానితోపాటు పాత ఇనుము కూడా పోతుంది. సెలవు రోజైన శుక్రవారాలు షార్జాలోనే రోలా అనే పేటలో యేసుపాదం గారు ఉండే బిల్డింగు కిందికి వెళ్ళి, లిఫ్టు దాకా పోయి తిరిగొచ్చేవాణ్ణి. నాలుగో శుక్రవారం పైకెక్కాను. ఆయన భార్య కరుణమ్మ గారు నర్సు. అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి తలుపు తీశారు.

ఆయన మొదట అడిగింది, "తొడుగులు ఉతుకుతున్నావా?"

"ఉతుకుతున్న సార్. సార్, ఆ మరక..."

"నీదే. మధ్యలో నీ బొటనవేలి మీది ఉలిగాటు కనిపించింది."

"మరి ఎందుకు చెప్పలే?"

"నీ వీసా మారి అప్పటికి రెండు నెలలు కాలేదు. ఆ పూటే ఎక్కించేసేవాడు నిన్ను విమానం." కిటికీ దగ్గరకు వెళ్ళి కింద బస్సుల్ని చూస్తూ అన్నారు, "తాళాలు పోతే పోయాయిలే. పన్నెండేళ్ళలో ఆ కార్డుల మీద ఒక్క అబద్ధం రాయలేదు. అదొక్కటే నన్ను తినేస్తోంది."

"నీకు టీ పెట్టనా బాబూ?" అన్నారు కరుణమ్మ గారు. వద్దని వచ్చేశాను.

మర్నాడు అర్బాబ్ ముందు ఫోను పెట్టి ఆ ఫొటో చూపించాను. ఆయన ఫొటోను చూశాడు, నా బొటనవేలిని చూశాడు. యేసుపాదాన్ని పిలవమని డ్రైవరుకు చెప్పి, నాతో సామాను సర్దుకోమన్నాడు. తాళాలు బల్లమీద పెట్టి ఒక్కటి అడిగాను, కార్డు దిద్దనివ్వమని. ఆయన తలూపాడు. నాకు ఇంగ్లీషు రాయడం రాదు. యేసుపాదం గారి పేరుమీద గీత కొట్టి, కింద తెలుగులో రాశాను: ఈ మరక వడ్రంగి రాజేశం చేతిది. తొడుగులు వేసుకోలేదు. ఆ గదిలో తెలుగు వాక్యం అదొక్కటే.

వారంలో నన్ను ఊరికి పంపించేశారు. యేసుపాదం గారిని మళ్ళీ చూడలేదు. నేను ఒప్పుకున్న మర్నాడే ఆయన తాళాలు తిరిగి తీసుకున్నారని కరుణమ్మ గారు ఫోనులో చెప్పారు.

ఈరోజు మధ్యాహ్నం భోజనం చేయకుండా కొత్త పలక కోసి, సైకిలుకు కట్టుకుని టీచరుగారింటికి వెళ్ళాను. పుస్తకాలు అప్పటికే సర్దేసుకున్నారు. "ఏమిటి రాజేశం, గట్టిదన్నావుగా?" అన్నారు. "అబద్ధం చెప్పిన టీచర్," అని, పుస్తకాలన్నీ నేనే దించి, పగిలిన పలక ఊడదీయడం మొదలుపెట్టాను.