దొరసాని దిద్దిన పులి

దొరలంతా మూటాముల్లె సర్దుకుని ఓడలెక్కి వెళ్లిపోయాక, ఈ దొరసాని మూట విప్పుకుంటూ వచ్చింది. ఇంగ్లీషు మనిషి కాదు, ఆ పక్కదేదో దేశం. అక్కడా ఇక్కడా తిరిగి చివరికి ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధిలో గది అద్దెకు తీసుకుంది. గోడల మీది ముగ్గులు, ఎద్దుల కొమ్ములకు వేసే రంగులు, ఏది కనిపించినా తన బొమ్మల్లోకి ఎక్కించేది. తెలుగు ఆ వీధి ఆడవాళ్ల దగ్గర నేర్చుకుంది కాబట్టి ఆమెకు ముందుగా తిట్లు వచ్చాయి.

నేనప్పుడు ఆదోనిలో పత్తి మిల్లు కూలీని. ఇరవై రెండేళ్లు. చిన్నప్పుడు నాకు జ్వరమొచ్చి చావు దాకా పోతే, బతికితే పెద్దయ్యాక మూడేళ్లు పీర్ల పండక్కి పులివేషం కట్టిస్తానని మా అమ్మ మొక్కుకుంది. మొక్కింది ఆమె, ఒళ్లంతా గొరిగించుకుని వార్నీషు పూయించుకునేది నేను. ఆ ఏడాదితో మూడేళ్లూ తీరిపోతాయి. "ఇది ముగిస్తే నా గుండెల మీద బరువు దిగుతాదిరా" అని నెల ముందు నుంచే అమ్మ పోరు. నాకైతే ఒంటి మంట తప్పితే చాలు.

మాకు ఏటా పులులు దిద్దే తాత చేతులకు ఆ ఏడు వణుకు పట్టుకుంది. పసుపు రంగు ఎలాగో పూశాడు గానీ, నల్ల చారల దగ్గరికొచ్చేసరికి పులి కాస్తా గాడిదయ్యేటట్టుంది. ఆ పని చూసి నేర్చుకుందామని వారంగా ఆదోనిలోనే మకాం వేసి, ఆయన పక్కనే కూర్చుంటున్న దొరసాని "నేను గీస్తా తాతా" అంది. ఆయన కుంచె ఇచ్చేశాడు. పరాయి ఆడమనిషి మగవాడి ఒంటి మీద గీస్తుందంటే సగం పేట చేరింది. నేను సిగ్గుతో చచ్చాను. ఆమెకు అదేం లేదు, నన్నొక గోడలాగే చూసింది.

చారలు మాత్రం గొప్పగా వచ్చాయి. తాత కళ్లు తుడుచుకున్నాడు. అంతలో మా మిల్లు గుమాస్తా వంగి నా నడుము వైపు చూశాడు.

"ఇదేందప్పా, ఈడ ఆయమ్మ పేరు రాసుండాది!"

బొమ్మ పూర్తయితే కింద పేరు రాయడం ఆమెకు అలవాటట. చెయ్యి తన దారిన తాను రాసేసింది. తాత ఇన్నేళ్లలో ఏ పులి మీదా పేరు రాసుకోలేదు.

అమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది. "ఎవురి పేరుంటే మొక్కు వాళ్లకే పోతాది! నా కొడుకు మొక్కు ఏం కావల్ల?"

దొరసాని ముఖం పాలిపోయింది. "తప్పైపోయిందక్కా, తుడ్సేస్తా" అంటూ కిరసనాయిలు గుడ్డ అందుకుంది. అమ్మ కోపం దిగలేదు.

"నీకు మొక్కేదానికి మీయమ్మ ల్యాదా? మా మొక్కే దొరికిందా నీకు?"

"ల్యాదక్కా. యుద్ధంలో మా ఇంట్లో అందరూ పోయినారు. నాకోసం మొక్కేటోళ్లు ఎవరూ ల్యారు."

అమ్మ దొరసాని చేతిలోని గుడ్డ లాక్కుంది.

"తుడ్సాకు. ఈ యేడు పులి నీది. మావోడు మళ్లా యేటికి కడతాడు."

నాకు ఒళ్లు మండింది, వార్నీషు వల్ల కాదు. "అమ్మా! నన్నొక మాట అడగవా?"

"నిన్నేందిరా అడిగేది? నువ్వు బతికుండావు గదా."