కోప్పడే గెస్టు కావాలి

"మా క్లాసు పిల్లోళ్ళు వంట పాఠం కాలేజీలోనే కావాలనిరి అన్నా, వండింది తినొచ్చని. అకౌంట్సు ఫోన్లో చాలనిరి, పండుకోవచ్చని. కాలేజీవాళ్ళు నన్నూ అడిగిరి, ఫారం ఇచ్చి."

"నువ్వేం రాశావు?" అన్నాను.

"అన్నీ ఫోన్లోనే అని. పని విడిచి ఎట్ల పోయేది?"

పోదనూరు రైల్వే కాలనీ వెనక సందులో ఉంటుంది జెబమలర్. నలభై రెండేళ్ళు. పన్నెండేళ్ళుగా కోయంబత్తూరులో ఒక హోటల్లో గదులు సర్దుతోంది. దుప్పట్లు మారుస్తూ, చెవిలో పాఠం పెట్టుకుని హోటల్ మేనేజ్‌మెంట్ డిగ్రీ చివరిదాకా వచ్చింది. అది చేతికొస్తే సూపర్‌వైజర్‌ను చేస్తానన్నాడు మేనేజరు. మిగిలింది ఒక్క ప్రాక్టికల్: కోపంగా ఉన్న గెస్టును చల్లబరచడం. ఇంట్లో వీడియో తీసి పంపినా చాలు.

"గెస్టుగా మా అత్తను కూచోబెడితిని. ఆమెకి నేర్పియ్యాల్నా? పదైదేండ్లుగా దినామూ కంప్లైంటే కదా."

అత్త ఆరాయి గుమ్మంలో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. తలెత్తలేదు.

"కెమెరా పెట్టి, 'సాపాడు ఎట్లుండాది మేడమ్' అంటిని. 'మా కోడలి మాదిరి వండేవాళ్ళు ఈ పోదనూర్లోనే లేరు' అనె. సరే, రూములో దోమలుండాయని చెప్పు అత్తా అంటే, 'దోమలకి ఆ బిడ్డ ఏం చేస్తాది పాపం' అనె."

"కాలేజీవాళ్ళంతా చూస్తారంటివే," అంది ఆరాయి. "నలుగురి ముందర కోడల్ని తిట్టేదా? మానం పోదూ?"

కాలేజీ మేడమ్ వీడియో తిప్పి పంపింది. గెస్టుకు కష్టమే లేకపోతే మార్కులు దేనికి వేయాలని అడిగింది. సోమవారం ఆఖరు రోజు.

"మీ ఆయన కూర్చోకూడదా?"

"కుమరేశనా? నేను 'సార్' అంటానే నవ్వు పట్టుకోలేక బయటికి పోయె."

"మరి ఆ పాత వీడియో చెరిపేశావా?"

"చెరిపేదా? పదైదేండ్లకి ఒక తూరి మెచ్చుకునింది. మా అమ్మకి, చెల్లెండ్లకి, చర్చి గ్రూపుకి, అందరికీ పంపిస్తిని."

ఆరాయి వెల్లుల్లి చేటను పక్కకు జరిపింది. "మధ్యాన్నం కుళంబు పులుసులో ఉప్పు ఎక్కువ," అంది నాతో.

"చూస్తిరా అన్నా, కెమెరా లేకుంటే ఎంత బాగా చేస్తాదో." నేను లేచి చెప్పులు వేసుకుంటుంటే జెబమలర్ వాకిలిదాకా వచ్చింది. "ఆదివారం సాయంత్రం మీరే రాండన్నా, గెస్టుగా. మీకి గట్టిగా మాట్లాడేది రాదని తెలుసు. ఈ రెండు దినాలూ బస్సులో కండక్టర్ల మీద పడి బాగా నేర్చుకొని రాండి."